గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి ఐపీఎస్ తెర: విప్పిన దగ్గర్నుంచి మూసేదాకా

నింటెండో వారి చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ సెట్టు గేమ్ బాయ్ అడ్వాన్స్ 2001 మార్చి 21న జపాన్‌లో, అదే ఏడాది జూన్‌లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. లోపల 32 బిట్ల ఏఆర్ఎం ప్రాసెసర్, రెండు పెన్సిల్ బ్యాటరీల మీద దాదాపు 15 గంటల ఆట. అన్నీ బాగానే ఉన్నాయి, తెరకి మాత్రం లైటు లేదు. బయటి వెలుగు తెరలోకి దిగి, వెనకున్న మెరుపు పొరకి తగిలి తిరిగొస్తేనే బొమ్మ కనబడుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే సరే. పొద్దువాలాక ట్యూబులైటు కింద మెడ వంచి, కోణాలు మార్చుకుంటూ వెతుక్కోవాల్సిందే.

దీనికి మందు వెతకడం అప్పుడే మొదలైంది. 2002లో ట్రైటన్ ల్యాబ్స్ వారు ఆఫ్టర్‌బర్నర్ అనే కిట్ తెచ్చారు. తెర పైన పలుచటి పలక పెట్టి పక్కనుంచి లైటు వేసేది అది. 2003లో నింటెండోయే మడత మోడల్ ఎస్పీలో ముందువైపు లైటు ఇచ్చింది. 2005లో ఏజీఎస్-101 అనే రకం ఎస్పీకి అసలైన బ్యాక్‌లైట్ వచ్చింది. తర్వాత చాలాకాలం జనం ఆ 101ల తెరలు పీకి పాత అడ్వాన్స్‌లో అతికించుకున్నారు. ఒకదాన్ని బతికించడానికి ఇంకొకదాన్ని బలివ్వడం అన్నమాట. ఐపీఎస్ (ఏ కోణంలో చూసినా బొమ్మ స్పష్టంగా కనబడే ఎల్‌సీడీ రకం) తెరల కిట్లు వచ్చాక ఆ అవసరం పోయింది.

పని అసలు కష్టమైంది కాదు. స్క్రూడ్రైవర్ పట్టడం అలవాటున్నవాళ్లకి తెర మార్చడం అరగంట పని. సగం మందికి ఇబ్బంది వచ్చేది తెర దగ్గర కాదు, కరెంటు దగ్గర. పాత తెర కరెంటు చాలా తక్కువ తాగేది. కొత్తది బ్యాక్‌లైట్‌తో సహా దానికి ఎన్నో రెట్లు అడుగుతుంది. పాతికేళ్ల నాటి పవర్ స్విచ్, మురికి పట్టిన బ్యాటరీ రేకులు దాన్ని అందించలేకపోతే తెర మినుకుమినుకుమంటుంది, లేదా ఆట మధ్యలో మళ్లీ మొదటికొస్తుంది. నింద మాత్రం కిట్ మీద పడుతుంది. అందుకే ఇందులో తెరకి ముందే స్విచ్ శుభ్రం చేయడం వస్తుంది. ఆ భాగం దాటేయకండి.

కిట్ కొనేముందు

మొదట చూడాల్సింది పిన్నుల సంఖ్య. అడ్వాన్స్ బోర్డులు రెండు రకాలు: తెర రిబ్బన్ (చదునైన పట్టీ తీగ) దూర్చే కనెక్టర్‌కి 40 పిన్నులున్నవి, 32 పిన్నులున్నవి. బయటి నుంచి ఊహించడం కన్నా ఒకసారి విప్పి లెక్కపెట్టుకోవడం నయం. చాలా కిట్లలో రెండు రకాలకూ పనికొచ్చే రిబ్బన్ వస్తుంది. కానీ వివరంలో ఒక్క సంఖ్యే రాసుంటే అది మీ బోర్డుదేనా అని సరిచూసుకుని డబ్బు కట్టండి.

రెండోది తెర రిజల్యూషన్. అసలు తెర 2.9 అంగుళాలు, 240×160 చుక్కలు. కొత్త తెర దీనికి సరిగ్గా రెండింతలు (480×320) గానీ మూడింతలు (720×480) గానీ బొమ్మ చూపించాలి. రెండింతలైతే పాత చుక్క ఒక్కోటి నాలుగు చుక్కల చదరం అవుతుంది, మూడింతలైతే తొమ్మిది. అంచులు కత్తితో కోసినట్టుంటాయి. ఈ గుణకారం పూర్ణసంఖ్యలో కుదరని తెరల్లో కొన్ని నిలువు వరసలు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. బొమ్మ కదలకుండా ఉన్నప్పుడు తెలియదు గానీ దృశ్యం పక్కకి జరిగేటప్పుడు నీళ్లలో చూసినట్టు వణుకుతుంది.

మూడోది చిరుగు. అడ్వాన్స్ సెకనుకి 59.73 సార్లు బొమ్మ పంపుతుంది. కొత్త తెర తన సొంత వేగంతో గీసుకుంటూ పోతే, సగం పాత బొమ్మ, సగం కొత్త బొమ్మ ఒకేసారి కనబడి మధ్యలో గీత పడుతుంది. తొలితరం కిట్లలో ఈ గోల ఎక్కువ. చవగ్గా దొరికే పాత సరుకు కొనకుండా, ఈ లోపం సరిచేసిన రకమేనని రాసుందో లేదో చూసుకోండి.

ఇక లామినేటెడ్ కిట్టా, విడి తెరా అన్న ప్రశ్న. లామినేటెడ్‌లో పైగాజు, తెర కంపెనీలోనే అతుక్కుని వస్తాయి. మధ్యలో దుమ్ము చేరదు, బొమ్మ గాజు మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. విడి తెరైతే మీరే గాజు అతికించాలి, మధ్యలో ఒక్క నలుసు పడినా రోజూ కళ్లలో పడుతుంది. మొదటిసారి చేసేవాళ్లకి మా సలహా: లామినేటెడ్ కిట్, దాని కోసమే కోసి అమ్మే కొత్త షెల్ (సెట్టు బయటి ప్లాస్టిక్ డొప్ప). పాత షెల్ మీద మమకారం ఉంటే దాన్నే వాడుకోవచ్చు, లోపలి గోడలు కోయక తప్పదు. నాన్నగారో బాబాయో విదేశం నుంచి తెచ్చిన సెట్టయితే ఆ షెల్‌కి కత్తి పెట్టకుండా డబ్బాలో భద్రపరిచి, బోర్డుని కొత్త షెల్‌లోకి మార్చడం మేలు. కోసిన ప్లాస్టిక్ మళ్లీ అతుక్కోదు.

కొత్త షెల్‌తో బటన్లు, వాటి కింద ఉండే రబ్బరు మెంబ్రేన్లు కూడా ఇస్తారు. బటన్లు రంగు కోసం వాడుకోండి. మెంబ్రేన్లు మాత్రం పాతవే పెట్టండి. పాత రబ్బరు నొక్కితే వచ్చే బిగువు కొత్త వాటిలో చాలావరకు ఉండదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

వెనక స్క్రూల తలలు మూడు రెక్కల ఆకారంలో ఉంటాయి. వాటికి ట్రై-వింగ్ వై1 స్క్రూడ్రైవర్ కావాలి. మామూలు స్టార్ బిట్‌తో బలవంతం చేస్తే తల అరిగిపోయి, ఇక ఏ డ్రైవర్‌కీ లొంగదు. లోపలి వాటికి చిన్న ఫిలిప్స్, 0 లేదా 00 సైజు. ఇంకా ఒక ట్వీజర్స్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్స్, పాత టూత్‌బ్రష్, వేడి తట్టుకునే పసుపురంగు టేపు (బజారులో కాప్టన్ టేపంటారు), మల్టీమీటర్. షెల్ కోయాలంటే ఫ్లష్ కట్టర్, చిన్న ఆకురాయి.

చేతికి రాసుకునే శానిటైజర్‌ని ఆల్కహాల్ బదులు వాడొద్దు. అందులో గ్లిజరిన్, నీళ్లు ఉంటాయి, స్విచ్‌లో జిగురు మిగిలిపోతుంది.

బటన్లతో వెలుగు తగ్గించి పెంచుకునే వసతి కావాలంటే టంకం పని ఉంటుంది: వేడి సర్దుకునే సోల్డరింగ్ ఐరన్, సన్నటి మొన, 0.5 మి.మీ. 63/37 లెడ్ (టంకం తీగ), ఫ్లక్స్ (టంకం బాగా అతకడానికి రాసేది). హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క చుట్టులో దొరుకుతాయి. కిట్ మాత్రం ఎక్కువగా విదేశాల నుంచి రావాల్సిందే. ధర లెక్కేసుకునేటప్పుడు కస్టమ్స్ సుంకం కూడా కలుపుకోండి.

విప్పకముందు పరీక్ష

పాత తెరతోనే ఒక ఆట పెట్టి పది నిమిషాలు ఆడండి. అన్ని బటన్లూ పనిచేస్తున్నాయా, వాల్యూమ్ చక్రం తిప్పితే గరగర వస్తోందా, స్పీకరు, హెడ్‌ఫోను రెండూ పలుకుతున్నాయా చూసి కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు ఉన్న లోపమేదో తెలియకపోతే, తర్వాత కనబడిన ప్రతిదానికీ మీ పనే కారణమనుకుని తిరగేస్తూ కూర్చుంటారు.

సెట్టు మీది బ్యాటరీ లైటు ఆకుపచ్చగా ఉండాలి. కొత్త ఆల్కలైన్ బ్యాటరీలు వేసినా ఎర్రగా ఉంటే బ్యాటరీ రేకులు గానీ స్విచ్ గానీ కరెంటుకి అడ్డు పడుతున్నాయని అర్థం.

విప్పడం

1. కార్ట్రిడ్జ్ (ఆట ఉండే డబ్బీ), బ్యాటరీలు తీసేయండి. వెనకవైపు ఆరు ట్రై-వింగ్ స్క్రూలు, బ్యాటరీ గూట్లో ఒక ఫిలిప్స్ స్క్రూ. ఏ స్క్రూ ఎక్కడిదో ఒక కాగితం మీద సెట్టు బొమ్మ గీసుకుని ఆ చోటే గుచ్చి పెట్టుకుంటే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

2. సెట్టుని బోర్లా పెట్టి వెనక భాగం నిటారుగా పైకి ఎత్తండి. ఎల్, ఆర్ బటన్లు సన్నటి ఇనుప పుల్ల మీద, చిన్న స్ప్రింగుతో నిలబడి ఉంటాయి. తొందరపడితే స్ప్రింగు ఎగిరి మంచం కిందికి పోతుంది. ఎత్తగానే ఫోను తీసి, స్ప్రింగు కాలు ఎటు ఆనుకుందో దగ్గర్నుంచి ఫొటో తీసుకోండి. మూసేటప్పుడు అందరూ తికమకపడేది ఇక్కడే.

3. బోర్డుని పట్టుకున్న మూడు ఫిలిప్స్ స్క్రూలు తీయండి. బోర్డుని ఒక్కసారిగా లాగొద్దు, తెర రిబ్బన్ ఇంకా దాన్ని పట్టుకునే ఉంటుంది. స్పీకరు తీగలు కూడా బోర్డుకి టంకం వేసి ఉంటాయి.

4. రిబ్బన్ కనెక్టర్‌కి రెండు చివరలా చిన్న చెవులుంటాయి. ట్వీజర్స్ మొనతో ఒకవైపు కొంచెం, రెండోవైపు కొంచెం, మళ్లీ మొదటివైపు, అలా బయటికి జరపండి. ఒకటి రెండు మిల్లీమీటర్లకి మించి కదలదు. పాతబడిన ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, ఒకేవైపు గట్టిగా ఎత్తితే చెవి విరుగుతుంది. గొళ్లెం వదులయ్యాక రిబ్బన్ దానంతటదే జారి వస్తుంది. బలం పెట్టాల్సి వస్తోందంటే గొళ్లెం ఇంకా పూర్తిగా వదల్లేదన్నమాట.

5. పాత తెరని తీసి కవర్లో పెట్టి దాచండి. పారేయొద్దు. రేపు ఏదైనా అనుమానమొస్తే, బోర్డు బాగుందో లేదో తేల్చి చెప్పేది ఆ పాత తెరే.

6. పాత షెల్ వాడుతున్నవాళ్లు ముందరి ప్లాస్టిక్ అద్దం తీయాలి. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక నిమిషం వెచ్చబెట్టి, లోపలి నుంచి బొటనవేలితో ఒక మూల నుంచి నెమ్మదిగా తోస్తే జిగురు వదిలి వస్తుంది.

పవర్ స్విచ్, బ్యాటరీ రేకులు

ఎందుకింత పట్టుబడుతున్నామో ఒక లెక్క చూడండి. మురికి పట్టిన స్విచ్‌లో ఒక ఓమ్ అడ్డు ఉందనుకుందాం. సెట్టు 50 మిల్లీ ఆంపియర్లు లాగినప్పుడు ఆ స్విచ్ దగ్గర పోయేది 0.05 వోల్టులు. ఎవరికీ తెలియదు. కొత్త తెరతో అదే సెట్టు 200 లాగితే పోయేది 0.2 వోల్టులు. రెండు బ్యాటరీలు కలిపి ఇచ్చేదే 3 వోల్టులు, కొంచెం వాడినవైతే 2.5. పైగా బోర్డులోని కన్వర్టర్లు వోల్టేజీ పడిపోతే ఊరుకోవు. అదే శక్తి రాబట్టడానికి ఇంకాస్త ఎక్కువ కరెంటు లాగుతాయి. దాంతో స్విచ్ దగ్గర ఇంకాస్త నష్టం, వోల్టేజీ ఇంకాస్త కిందికి. ఇలా జారిజారి సెట్టు రీసెట్ అవుతుంది. వాల్యూమ్ పెంచినప్పుడో, వెలుగు చివరిదాకా పెంచినప్పుడో ఆగిపోయే సెట్ల కథ ఇదే.

శుభ్రం చేయడం తేలిక. స్విచ్ పక్కనున్న సందులో రెండు చుక్కల ఆల్కహాల్ వేసి 40 సార్లు అటూ ఇటూ జరపండి. నల్లటి నీళ్లు వస్తే ఇయర్ బడ్‌తో అద్ది, మళ్లీ చుక్క వేసి ఇంకో 40 సార్లు. పావుగంట ఆరనివ్వండి. దీనికి లొంగకపోతే స్విచ్ రేకు మూత విప్పి లోపలి తగులు ముక్కలు తుడవాలి, అప్పటికీ కాకపోతే స్విచ్చే మార్చాలి. డబ్ల్యూడీ-40 లాంటి నూనెలు కొట్టొద్దు. ఒక వారం బాగుంటుంది, ఆ తర్వాత దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది.

బ్యాటరీ రేకుల మీద తెల్లగా, పచ్చగా పొక్కులుంటే అది కారిన బ్యాటరీ మిగిల్చిన గుర్తు. ఆల్కలైన్ బ్యాటరీలో ఉండేది క్షారం కాబట్టి తెల్ల వెనిగర్‌తో తడిపిన బడ్‌తో రుద్దితే చిన్నగా బుస్సుమని కరుగుతుంది. వెనిగర్ అక్కడే వదిలేస్తే రేకుని అది కూడా తింటుంది, కాబట్టి వెంటనే ఆల్కహాల్‌తో తుడవాలి.

పని అయ్యాక మీటర్‌తో చూడొచ్చు. సెట్టు ఆన్‌లో ఉండగా బ్యాటరీ చివరల దగ్గరి వోల్టేజీకి, స్విచ్ దాటాక వచ్చే వోల్టేజీకి మధ్య తేడా 0.1 లోపు ఉండాలి. అంతకి మించి ఉంటే స్విచ్ దగ్గరే ఇంకా పని మిగిలుంది.

కొత్త తెర, మూయకముందే పరీక్ష

గాజు మీది రక్షణ పొర ఇప్పుడే తీయొద్దు. జిగురు కాగితాలూ ముట్టుకోవద్దు. ముందు తెర వెలుగుతుందో లేదో చూడాలి.

కిట్ రిబ్బన్‌ని బోర్డు కనెక్టర్‌లో నిటారుగా దించండి. రిబ్బన్ మీది గీత కనెక్టర్ అంచుకి సమాంతరంగా ఉండాలి. ఒక చివర అర మిల్లీమీటరు పైకున్నా బొమ్మ చెడుతుంది. చెవులు రెండూ కలిపి నొక్కి గొళ్లెం వేయండి. 32, 40 రెండింటికీ పనికొచ్చే రిబ్బన్ అయితే వాడని చివర గాల్లో వేలాడుతుంది. దాని పిన్నులు బోర్డుకి తగలకుండా కాప్టన్ టేపు చుట్టండి. కిట్‌తో వచ్చే, తెరని నడిపే చిన్న డ్రైవర్ బోర్డు వెనకవైపుకీ ఇదే జాగ్రత్త. మధ్యలో టేపు లేకుండా బిగిస్తే, స్క్రూ తిప్పిన కొద్దీ రెండు బోర్డులూ ఒకదానికొకటి అదుముకుని ఎక్కడో టంకం చుక్క తగులుకుంటుంది.

ఇప్పుడు అన్నీ ముందు షెల్‌లో వదులుగా సర్ది, వెనక భాగం మూసి, స్క్రూలు వేయకుండా చేత్తో అదిమి పట్టుకుని బ్యాటరీలు వేయండి. కార్ట్రిడ్జ్ అక్కర్లేదు. గేమ్ బాయ్ అక్షరాలు రంగులు మారుతూ వచ్చి, టింగుమని శబ్దం చేస్తే చాలు.

పాత షెల్ కోస్తున్నవాళ్లు ఈ పరీక్ష తర్వాతే కత్తి తీయండి. కోయాల్సింది పాత తెరని చుట్టి ఉన్న లోపలి గోడలు, తెర గూడు అంచులు. స్క్రూ స్తంభాల జోలికి పోవద్దు, అవి పోతే షెల్ మూతపడదు. ఒక్కసారే లోతుగా కాకుండా కొంచెం కోయడం, తెర పెట్టి చూడడం, మళ్లీ కోయడం. ఫ్లష్ కట్టర్‌తో పెద్ద ముక్కలు తీసి, చివరి మిల్లీమీటరు ఆకురాయితో అరగదీయాలి. తెర ఏ మూలా పైకి లేవకుండా, నొక్కకుండానే చదునుగా కూర్చోవాలి. నొక్కి కూర్చోబెట్టిన తెర మీద మూసిన తర్వాత ఆ మూల తెల్లగా మచ్చ పడుతుంది. పని అయ్యాక ప్లాస్టిక్ పొడి పూర్తిగా కడిగి ఆరబెట్టండి. లేకపోతే అదంతా గాజు కింద తేలుతుంది.

వెలుగు బటన్లకి మూడు తీగలు

ఇది తప్పనిసరి కాదు. చాలా కిట్లలో తాకితే వెలుగు మారే చిన్న పట్టీ ఉంటుంది. దాన్ని షెల్ పై అంచు లోపల అతికిస్తే చాలు. కానీ సెలెక్ట్ పట్టుకుని ఎల్ నొక్కితే తగ్గడం, ఆర్ నొక్కితే పెరగడం చాలా హాయి. పైగా తాకుడు పట్టీ ఆట మధ్యలో వేలు తగిలి తనంతట తాను మారుతుంటుంది.

బోర్డు మీద టీపీ అక్షరాలతో 0 నుంచి 9 దాకా పరీక్ష బిందువులుంటాయి. ప్రాసెసర్ బటన్లని చదివే వరసే ఈ వరస: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, కుడి, ఎడమ, పైకి, కిందికి, ఆర్, ఎల్. అంటే మనకి కావాల్సినవి టీపీ2 (సెలెక్ట్), టీపీ8 (ఆర్), టీపీ9 (ఎల్). ఎల్, ఆర్ తారుమారైనా ఏదీ కాలదు, వెలుగు తిరగబడి మారుతుంది, అంతే. అనుమానముంటే బ్యాటరీ లేకుండా మీటర్‌ని బీప్‌లో పెట్టి, టీపీ9 మీద ఒక మొన, ఎల్ బటన్ స్విచ్ కాళ్ల మీద ఒక్కొక్కటిగా రెండో మొన పెట్టి చూడండి. ఒక కాలి దగ్గర మోగాలి.

ఐరన్ వేడి 320 నుంచి 340 డిగ్రీలు. బిందువు మీద ఆల్కహాల్‌తో తుడిచి, కొంచెం ఫ్లక్స్ రాసి, ఆవగింజంత లెడ్ వేయండి. తీగ చివర 1.5 మి.మీ. ఒలిచి దానికీ లెడ్ పట్టించండి. ఇప్పుడు తీగని బిందువు మీద ఆనించి ఒక్క సెకను ఐరన్ తాకిస్తే రెండూ కలిసిపోతాయి. మూడు సెకన్లు దాటినా అతకకపోతే ఐరన్ తీసేసి, ఫ్లక్స్ మళ్లీ రాసి మొదలుపెట్టండి. అదేపనిగా వేడి చేస్తే రాగి బిందువు బోర్డు నుంచి లేచిపోతుంది. తీగ లాగినా అంతే. అందుకే అతికిన వెంటనే ప్రతి తీగ మీదా అర అంగుళం దూరంలో చిన్న టేపు ముక్క వేయండి, లాగుడు టేపు మీద పడుతుంది.

తీగలు బోర్డు అంచు వెంబడి నడపండి. స్క్రూ స్తంభాల మీదుగా పోతే మూసినప్పుడు నలుగుతాయి. స్పీకరు తీగల పక్కనే పడుకోబెట్టొద్దు.

దుమ్ము, మూత

విడి గాజు అతికించేవాళ్లకి ఇదే అసలు పరీక్ష. ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. పరుపు, దుప్పటి ఉన్న గదిలో కాకుండా వంటగట్టు మీదో, స్నానాల గదిలోనో చేయండి. స్నానాల గదిలో వేడినీళ్లు కాసేపు వదిలి, ఆ ఆవిరి సద్దుమణిగాక మొదలుపెడితే గాల్లో దుమ్ము బాగా తగ్గుతుంది. గది తడిగా ఉండకూడదు, బోర్డుని కాకుండా గాజు, తెర, ముందు షెల్ మాత్రమే అక్కడికి తీసుకెళ్లాలి.

ఫోను టార్చిని తెరకి పక్కగా, దాదాపు ఆనించినట్టు పెడితే మామూలుగా కనబడని నలుసులన్నీ చుక్కల్లా మెరుస్తాయి. వాటిని ఊదొద్దు, ఉమ్ము తుంపర పడుతుంది. సెల్లోఫేన్ టేపు ముక్క జిగురువైపు అద్ది ఎత్తేయాలి. గాజు పెట్టేది చివరి క్షణంలో: రక్షణ పొర సగం ఎత్తి, ఒక అంచు ఆనించి, మిగతా సగం లాగుతూ దించండి.

తర్వాత క్రమం: బటన్లు, మెంబ్రేన్లు, బోర్డు, మూడు స్క్రూలు, ఎల్, ఆర్ బటన్లు స్ప్రింగులతో, పవర్ స్విచ్ మీది ప్లాస్టిక్ టోపీ సరైన మెట్టులో, వెనక భాగం. పాత షెల్‌లో స్క్రూని ముందు ఎడమవైపుకి తిప్పండి. టిక్కుమని పాత మరలో పడ్డాకే కుడివైపు బిగించండి. కొత్త షెల్‌లో మర ఇంకా పడి ఉండదు కాబట్టి నిటారుగా పట్టుకుని, కొంచెం తిప్పి కొంచెం వెనక్కి తీస్తూ దించాలి. ఆగిన చోట ఆపేయండి. ఇంకో పావు చుట్టు తిప్పాలన్న ఆత్రానికి స్తంభాలు పగులుతాయి, ఎల్, ఆర్ బటన్లు ఇరుక్కుంటాయి.

ఏం తప్పితే ఏం కనబడుతుంది

తెర తెల్లగా వెలిగి బొమ్మ లేదు, శబ్దం వస్తోంది: రిబ్బన్ సరిగ్గా దిగలేదు. తీసి మళ్లీ పెట్టండి. నిలువు గీతలు, వింత రంగులు కూడా ఎక్కువగా ఇదే. పిన్నుల మీద వేలిముద్ర జిడ్డు ఉంటే ఆల్కహాల్ బడ్‌తో తుడవండి.

శబ్దమూ లేదు, వెలుగూ లేదు: బ్యాటరీలు తీసి, తెర రిబ్బన్ విప్పి, పాత తెర పెట్టి చూడండి. అది పనిచేస్తే ఎక్కడో టేపు లేని చోట తగులుకుంటోంది. అదీ పనిచేయకపోతే బోర్డు మీద ఎఫ్ అక్షరంతో గుర్తున్న ఫ్యూజ్‌ని మీటర్‌తో బీప్ పరీక్ష చేయండి. మోగకపోతే ఫ్యూజ్ పోయింది. అది ఊరికే పోదు, షార్ట్ వల్లే పోతుంది కాబట్టి దాన్ని మార్చేముందు షార్ట్ ఎక్కడో కనిపెట్టండి.

వెలిగి ఆరిపోతోంది, లేదా ఆట మొదటికొస్తోంది: పైన చెప్పిన స్విచ్ కథే. శుభ్రం చేసినా పోకపోతే బ్యాటరీలు చూడండి.

స్పీకర్‌లో సన్నటి కీచు: వెలుగు స్థాయి మార్చి చూడండి. కీచు స్వరం కూడా మారితే అది బ్యాక్‌లైట్ డ్రైవర్ నుంచి వస్తున్నదే. రిబ్బన్‌ని, కొత్త తీగల్ని స్పీకరు తీగలకి దూరంగా జరిపితే తగ్గుతుంది. పూర్తిగా పోకపోవచ్చు, మామూలు వాల్యూమ్‌లో వినబడకపోతే వదిలేయండి.

బొమ్మ ఒక పక్కకి ఒరిగింది: తెరని పట్టుకున్న ప్లాస్టిక్ చట్రం తిరగబడిందేమో చూడండి. కొన్ని కిట్లలో మెనూ నుంచి బొమ్మని చుక్కల లెక్కన జరపొచ్చు.

రంగులు మరీ గాఢంగా, గుచ్చినట్టున్నాయి: ఇది లోపం కాదు. లైటు లేని తెర మీద మసకగా కనబడతాయని ఆ రోజుల్లో చాలా ఆటల రంగుల్ని కావాలనే వెలుగుగా గీశారు. ఇప్పుడు నిజంగా వెలిగే తెర మీద అవి ఎక్కువైనట్టు తోస్తాయి. కిట్ మెనూలో రంగుల సర్దుబాటు ఉంటే వాడుకోండి, లేకపోతే వెలుగు సగానికి దించితే కంటికి సాఫీగా ఉంటుంది.

ఏ బ్యాటరీలు

కిరాణా కొట్లో గోడ గడియారాలకి, రిమోట్లకి అమ్మే చవక బ్యాటరీలు చాలావరకు జింక్-కార్బన్ రకం. అవి ఈ తెరకి సరిపడా కరెంటు ఇవ్వలేవు. కొత్తవి వేసినా లైటు ఎర్రబడుతుంది. ఆల్కలైన్ వాడండి, లేదా 1900 ఎం.ఏ.హెచ్ పైబడిన నికెల్-మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ జత. ఈ రీచార్జబుల్స్ ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి లైటు ముందుగానే ఎర్రబడుతుంది. అలా ఎర్రబడ్డాక కూడా చాలాసేపు ఆడుకోవచ్చు, కంగారు పడొద్దు. మామూలు బ్యాటరీలా కనిపించే 1.5 వోల్టుల లిథియం రీచార్జబుల్స్‌లో లోపల చిన్న కన్వర్టర్ ఉంటుంది, దాని గోల కొన్నిసార్లు స్పీకర్‌లో వినబడుతుంది.

అదే సైజులో 14500 అనే లిథియం సెల్లులు దొరుకుతాయి. అవి ఒక్కోటి 3.7 వోల్టులు. రెండు వేస్తే 7 దాటుతుంది, బోర్డు కాలిపోతుంది. టార్చిలైట్ల డబ్బాలో కలిసిపోయి ఉంటే పిల్లల చేతికి అందకుండా వేరే చోట పెట్టండి.

పూర్తి వెలుగులో పెడితే పాత 15 గంటల లెక్క మర్చిపోవాలి. రాత్రిపూట గదిలో మధ్య స్థాయి కన్నా కిందే సరిపోతుంది, బ్యాటరీ కూడా అక్కడే ఎక్కువ నిలబడుతుంది. రెండు వారాలకి మించి ఆడకుండా పక్కన పెడుతుంటే బ్యాటరీలు బయటికి తీసేయండి, ఇందాక వెనిగర్‌తో రుద్దిన ఆ రేకుల మీద మళ్లీ పచ్చ పొక్కులు రాకుండా.